థేయా కొస్లిక్ కాసిన గోల్

థేయా కొస్లిక్ గోల్‌కీపర్ అని చెబితే ఇప్పటి పిల్లలు "ఏ జట్టుకి?" అని అడుగుతారు. మా రోజుల్లో "సిగ్గు లేదా?" అని అడిగేవాళ్లు. ఆ జట్టులో నేను రైట్ బ్యాక్ ఆడాను. నా పేరు ఎల్లీ. మూడేళ్లపాటు థేయాకి పది అంగల ముందు నిలబడి, ఆమె తిట్లూ కేకలూ వీపు మీద మోసినదాన్ని. అందుకని ఈ సంగతి నేనే చెప్పాలి. మర్యాదగా చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

మా ఊరు వాన్‌హైడె. మూడు బొగ్గు గనులు, రెండు చర్చిలు, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. అందరం గని క్వార్టర్లలోనే ఉండేవాళ్లం. కొస్లిక్‌ల ఇల్లు మా పక్కదే. వాళ్ల నాన్న యుద్ధానికని రష్యా వెళ్లి మళ్లీ రాలేదు. ఇంట్లో తల్లి, కొడుకు బ్రూనో, వాడికి మూడేళ్లు చిన్నది థేయా.

యుద్ధం ఆగిన ఏడాది థేయాకి పదమూడు. మా వీధి సగం నేలమట్టమైంది. ఆడవాళ్లం, పిల్లలం వరసగా నిలబడి ఆ దిబ్బల్లోంచి పనికొచ్చే ఇటుకలు ఏరి, సున్నం గీరి, చేతి నుంచి చేతికి అందించేవాళ్లం. మనుషులు తక్కువైన రోజున ఒకరికొకరు విసురుకునేవాళ్లం. థేయా చేతిలోంచి ఒక్క ఇటుక జారగా నేను చూడలేదు. పక్కకి విసిరినా పట్టేది, తల మీదికి విసిరినా పట్టేది. అరచేతులు పచ్చి పుండ్లయినా పట్టేది.

"ఇటుకకి ఎదురు నిలవకే ఎల్లీ. అది వస్తున్నప్పుడు దాంతోపాటు నువ్వూ కాస్త వెనక్కి వెళ్లు. అప్పుడు నొప్పి తెలీదు" అని నాకు చెప్పింది.

బ్రూనో అప్పటికే గనిలో పనికి వెళ్తున్నాడు. బంతి అంటే పిచ్చి. షిఫ్టు దిగి రాగానే బొగ్గుకొట్టు తలుపుని గోల్ చేసుకుని తన్నేవాడు. కాసేవాడు దొరక్క చెల్లెల్ని నిలబెట్టాడు. రోజూ సాయంత్రం, నాలుగేళ్లు. మొదట్లో మెల్లగా కొట్టేవాడు. తర్వాత గట్టిగా కొట్టాడు. ఆ తర్వాత పళ్లు కొరుకుతూ కొట్టాడు. అయినా ఆపేది. తలుపు మూల మీద చెయ్యెడు జాగా తప్ప ఇంకెక్కడికి కొట్టినా లాభం లేదని తెలిసి, ఆ చెయ్యెడు జాగాలోకే కొట్టడం నేర్చుకున్నాడు. ఇరవయ్యేళ్లకే క్లబ్బు మొదటి జట్టులో సెంటర్ ఫార్వర్డ్ అయ్యాడు. అప్పట్లో వాడే చెప్పుకునేవాడు: "మా థేయాని దాటించానంటే రేపు స్వర్గం గుమ్మం దగ్గర సెయింట్ పీటర్నైనా దాటిస్తా!"

యాభై నాలుగులో మా దేశం ప్రపంచ కప్పు గెలిచింది. ఆ మరుసటి వసంతంలో మా జట్టు పుట్టింది. పుట్టించింది బీరు దుకాణం నడిపే విధవరాలు హుల్డా ష్టేగెమన్. ఆదివారం ఆట వ్యాఖ్యానం రేడియోలో వింటూ మేమంతా ఆమె దుకాణంలో అరుస్తుంటే, గ్లాసులు కడుగుతూ అంది: "గొంతులు చించుకోవడమేనా, కాళ్లు కూడా ఉన్నాయా మీకు?"

పదమూడు మందిమి పోగయ్యాం. గోల్‌కీపర్ ఎవరన్న ప్రశ్నే రాలేదు. క్లబ్బు మైదానంలోనే, మగవాళ్ల ఆట అయ్యాక, మాకు గంట ఇచ్చారు. క్లబ్బు ప్రెసిడెంటు నొట్టెబోమ్ గారు. ఆయనే గనివాళ్ల ఇళ్ల ఆఫీసుకి కూడా పెద్ద. ఎవరికి ఏ క్వార్టరు, ఎవరు ఎప్పుడు ఖాళీ చెయ్యాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. మొదటి రోజు మమ్మల్ని చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. "భలే భలే, కోళ్లగంప తెరిచినట్టుంది!" అని చప్పట్లు కొట్టాడు కూడా.

ఆ నవ్వు రెండు నెలలు నిలిచింది. జూన్‌లో ఓ రోజు మగజట్టు కీపర్‌కి జ్వరం వచ్చింది. పెనాల్టీ సాధనకి ఎవరూ లేక బ్రూనో చెల్లెల్ని పిలిచాడు. పదకొండు మంది, తలా ఒక పెనాల్టీ. నేను కంచె దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఏడు ఆపింది. ఎనిమిదోది క్రాస్‌బార్‌కి తగిలిందిగానీ దాన్ని నేను కలపడం లేదు. మొదట్లో మగవాళ్లు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకున్నారు. నాలుగోది ఆపేసరికి అది మానేసి బూట్ల తాళ్లు బిగించుకున్నారు. నొట్టెబోమ్ గట్టు మీద నిలబడి అంతా చూశాడు. ఈసారి చప్పట్లు కొట్టలేదు.

జులైలో దేశపు ఫుట్‌బాల్ సంఘం పెద్దలు సమావేశమై, ఏ క్లబ్బూ ఆడవాళ్లకి మైదానం ఇవ్వకూడదని, ఏ రిఫరీ వాళ్ల ఆట నడపకూడదని తీర్మానించారు. ఈ ఆట వల్ల స్త్రీ దేహానికీ ఆత్మకీ హాని జరుగుతుందట. ఒళ్లు ప్రదర్శించడం మర్యాద కాదట. హుల్డా పేపరు పైకి చదువుతుంటే మేమంతా గుడ్లప్పగించి విన్నాం. థేయా లేచింది.

"లాండ్రీలో రోజుకి పదిగంటలు మరిగే తొట్టిలోంచి గనివాళ్ల తడిబట్టలు ఎత్తుతున్నాను. ఒక్కో మూట మనిషంత బరువు. దానివల్ల నా దేహానికి హాని లేదా? నా ఆత్మ గురించి ఏ సంఘమూ కూర్చుని మాట్లాడలేదే?"

"ఉతికిన చొక్కా వాళ్లకి కావాలి కదే" అంది హుల్డా.

మేం ఆగలేదు. గనిలోంచి తోడిన రాళ్లూ మట్టీ పోసిన గుట్ట వెనక, ముసలి గని గుర్రాలు మేసే బీడు ఒకటి ఉండేది. అక్కడ గని దుంగలతో గోల్ పోస్టులు పాతుకున్నాం. చుట్టుపక్కల ఊళ్లలో మాలాంటి జట్లు ఇంకా ఉన్నాయి. లారీల మీద వచ్చేవాళ్లు. రిఫరీ మా వీధిలో పింఛను తీసుకునే లాంపె తాత. పరిగెత్తలేడు గనక మధ్యలో కుర్చీ వేసుకుని ఈల ఊదేవాడు. జనం వచ్చేవాళ్లు. ఒక్కో ఆదివారం మగజట్టు ఆటకంటే మాకే ఎక్కువ వచ్చేవాళ్లు. అది క్షమించరాని నేరం.

పందొమ్మిదివందల యాభై ఆరు ఆగస్టులో నొట్టెబోమ్ మొదటి జట్టు వాళ్లందర్నీ క్లబ్బు గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. 'మా ఇంటి ఆడవాళ్లు ఈ అసభ్యమైన ఆటలో పాల్గొనకుండా చూస్తాం.' అదీ అందులోని మాట. కొందరు నసిగారు, ఒకడు ఇంటికెళ్లి అడిగి వస్తానన్నాడు. మొదటి సంతకం బ్రూనో కొస్లిక్‌ది. ఆ సంగతి థేయాకి వాడు చెప్పలేదు. అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర కూర్చుని రెండు వారాలు రొట్టె తిన్నాడు, చెప్పలేదు.

సెప్టెంబరులో పక్క ఊరు క్రాయ్‌ఫెల్డ్ ఆడవాళ్లతో ఆట. అరగంట గడిచింది. గుట్ట పక్కనుంచి ఇద్దరు పోలీసులు, వాళ్ల వెనక నొట్టెబోమ్, ఆయన వెనక బ్రూనో వచ్చారు. బీడు గనివాళ్లదట, మేం దొంగచాటుగా చొరబడ్డామట, ఖాళీ చెయ్యాలట. లాంపె తాత కుర్చీ మడిచాడు. క్రాయ్‌ఫెల్డ్ వాళ్లు లారీ వైపు నడిచారు. మేం కూడా గీత దాటి బయటికి వచ్చేశాం. నేనూ వచ్చాను. దాచి లాభం లేదు.

థేయా రాలేదు. గోల్ పోస్టుని రెండు చేతులతో వాటేసుకుని నిలబడింది.

పోలీసుల్లో చిన్నవాడు ముందుకి కదిలాడు. నొట్టెబోమ్ వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. "మీరు వద్దు. ఆడపిల్ల మీద చెయ్యేశారని రేపు పేపర్లో వస్తుంది. కొస్లిక్, మీ చెల్లెలు. మీరే చూసుకోండి."

బ్రూనో వెళ్లాడు. మొదట బతిమాలాడు.

"రావే థేయా. ఇంటికి పోదాం రా."

"నువ్వు వాళ్లతో ఎందుకొచ్చావురా?"

"అదంతా తర్వాత. ముందు వదులు."

"ఎందుకొచ్చావని అడిగాను."

"సంతకం పెట్టాను. లేకపోతే ఇల్లు పోతుంది, జట్టులో చోటు పోతుంది. వదలవే! అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. ఇక్కడికొచ్చింది చూడ్డానికేగా. నన్ను గోల్‌లో నిలబెట్టింది నువ్వేరా!"

వాడి ముఖం కందగడ్డలా అయిపోయింది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని విడదియ్యడం మొదలెట్టాడు. ఒకటి తీస్తే ఇంకోటి బిగించేది. చివరికి ఎడమచేతి చివరి రెండు వేళ్లూ కలిపి వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు నేను విన్నాను. ఎండుపుల్ల విరిగినట్టు, అంతే. ఆమె అరవలేదు. చేతులు వాటంతటవే ఊడిపోయాయి. మోకాళ్ల మీద కూలబడి అన్న ముఖంలోకి చూసింది. వాడు తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

"కృతజ్ఞతలు, కొస్లిక్" అన్నాడు నొట్టెబోమ్, ఎవరో తలుపు తీసి పట్టుకున్నట్టు.

అదే మధ్యాహ్నం మూడింటికి క్లబ్బు ఆట ఉంది. బ్రూనో ఆడాడు. రెండు గోల్స్ కొట్టాడు. జనం వాణ్ని భుజాల మీద మోశారు.

థేయా ఆ రాత్రే బట్టలు మూటగట్టుకుని లాండ్రీ మీద గదికి మారిపోయింది. తల్లిని చూడ్డానికి బ్రూనో షిఫ్టులో ఉన్నప్పుడు మాత్రమే వచ్చేది.

మూడు వారాలు తిరగకుండా పెద్ద నగరంలో హాలెండ్ ఆడవాళ్లతో ఆట కుదిరింది. ఆ మైదానం నగరపాలకులది. సంఘానికి దాని మీద పెత్తనం లేదు. దేశం నలుమూలల నుంచీ ఏరి చేసిన జట్టు. మా ఊరి నుంచి థేయా ఒక్కతే. విరిగిన రెండు వేళ్లనీ నడిమి వేలుతో కలిపి నేనే గుడ్డపీలికతో కట్టాను.

"ఈ చేత్తో ఎలా ఆడతావే?"

"ఇంకా ఎనిమిదున్నాయిగా."

పద్నాలుగు వేల మంది వచ్చారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. చాలామంది మగవాళ్లు నవ్వడానికే వచ్చారు. "పాపా, సాక్సు జారింది!" "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయే!" అని కేకలు. అరగంటకి ఆ కేకలు సన్నబడ్డాయి. రెండోసగంలో రెండు ఒకటితో మేం ముందున్నప్పుడు హాలెండ్‌కి పెనాల్టీ వచ్చింది. వాళ్ల పిల్ల ఒకతి, ఎర్రజుట్టుది, పోస్టులాంటి మనిషి, వచ్చి తనకి కుడివైపు మూలకి నేలబారుగా కొట్టింది. థేయా ఆ విరిగిన చేతి వైపే దూకింది. వేళ్ల కట్టు మీద తగిలి బంతి బయటికి పోయింది.  అప్పుడు లేచిన హోరు నా గుండెల్లో ఇప్పటికీ ఉంది. అది నవ్వు కాదు. ఆటని చూసినవాళ్ల హోరు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఫొటో. కింద ఇలా రాశారు: 'గోల్‌కీపర్ పిల్లకి ముచ్చటైన పొడవాటి కాళ్లు. పెనం కూడా ఇంతే చక్కగా పట్టుకుంటుందని ఆమె కాబోయే భర్త తరఫున ఆశిద్దాం.' పెనాల్టీ మాట లేదు.

థేయా లాండ్రీకి సెలవు పెట్టి, ట్రామెక్కి ఆ పేపరు ఆఫీసుకి వెళ్లింది. తోడు నేను. రాసినవాడు ముప్పయ్యేళ్లవాడు, జుట్టుకి నూనె బాగా పట్టించాడు.

"పెనాల్టీ ఎవరు ఆపారో రాయలేదు మీరు" అంది.

"అయ్యో, కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"కాఫీ వద్దు. రాయండి."

"మీరు కోపంలో ఇంకా బావుంటారు, తెలుసా?"

ఆమె పేపరు వాడి బల్ల మీద పరిచి, వాడి సిరాబుడ్డి దాని మీద నిదానంగా, ఆ చివర నుంచి ఈ చివరదాకా వంచింది. "ఇప్పుడు చదవండి. ఇదీ మీరు రాసింది" అని బయటికి వచ్చేసింది. మెట్లు దిగుతూ నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

సంఘం నగరపాలకుల్నీ వదల్లేదు. ఒక్కొక్క నగరమే మైదానాల తలుపులు మూసుకుంది. మా జట్టుకి అంతకంటే చవకైన మందు వేశారు: ఇళ్ల ఆఫీసు నుంచి ఉత్తరాలు. 'మీ క్వార్టరు విషయం పునఃపరిశీలనలో ఉంది.' ఒకామె మానేసింది, తర్వాత ఇంకొకామె. హుల్డా గుండెపోటుతో పోయింది. నాకు పెళ్లైంది, మా ఆయనకీ ఉత్తరం వచ్చింది, నేనూ మానేశాను. యాభై ఎనిమిదిలో థేయా ముందు కాపు కాసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆమెకి అప్పుడు ఇరవయ్యారు. గోల్‌కీపర్‌కి అది మొదలయ్యే వయసు.

పన్నెండేళ్ల తర్వాత సంఘం నిషేధం ఎత్తేసింది. ఎత్తేస్తూ కూడా షరతులు పెట్టింది: చిన్న బంతి, తక్కువ సమయం, బూట్లకి మేకులు ఉండకూడదు, చలికాలం ఆడకూడదు. గాజుబొమ్మల్ని అలమరలోంచి తీసినట్టు. మా క్లబ్బులో మహిళా విభాగం ప్రారంభ సభ జరిగింది. నొట్టెబోమ్ అప్పటికి గౌరవ అధ్యక్షుడు. లేచి, "ఈ క్లబ్బు తలుపులు మహిళల కోసం ఎప్పుడూ తెరిచే ఉన్నాయి" అన్నాడు.

వెనక బెంచీలోంచి థేయా గొంతు వినబడింది. "ఏ తలుపండీ?"

సభంతా అటు తిరిగింది.

"నేను నలభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను నొట్టెబోమ్ గారూ. ఆ తలుపేదో కాస్త చూపించండి. నేను రెండు వేళ్లు పెట్టింది దాంట్లోనేమో."

ఆమెకి అప్పటికి ముప్పై ఎనిమిదే. కానీ ఎవరూ దిద్దలేదు. నొట్టెబోమ్ గొంతు సవరించుకుని, సాసేజీలు వేడివేడిగా ఉన్నాయని చెప్పి కూర్చున్నాడు.

మరుసటి వసంతంలో మొదటి ఆట. కొత్తగా చేరిన పిల్లలంతా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లు. థేయానే గోల్‌లో నిలబడమన్నారు. నిలబడింది. ఐదు గోల్స్ పడ్డాయి. బంతి ఎటు వస్తుందో ఆమెకి ముందే తెలుస్తోంది. నేను కంచె దగ్గర్నుంచి చూస్తున్నాను, కన్ను ముందే పోతోంది. ఒళ్లే అర క్షణం వెనక పోతోంది. పదహారేళ్లకు పైగా తొట్ల మీద వంగిన నడుము అది.

బట్టలు మార్చుకునే గదిలో ఒక పిల్ల ఆమె భుజం మీద చెయ్యేసి, "ఫర్వాలేదు థేయా అత్తా, ఆటన్నాక పడతాయి" అంది.

థేయా చేతిలోని బూటు గోడకేసి కొట్టింది. పిల్లలు హడలిపోయారు.

"ఎందుకు ఫర్వాలేదు? నేను ఆపగలిగిన ఏళ్లన్నీ వాళ్లే మింగారు. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ముప్పై, ముప్పై రెండు... ఒక్కటి కూడా వదల్లేదు. నమిలి మింగేసి, ఇప్పుడు తలుపు తీశాం రమ్మంటున్నారు. ఫర్వా ఉంది! మీరు ఫర్వాలేదు అనడం నేర్చుకోకండి. ఎవరికీ అనకండి!"

ఆ రోజుతో గోల్ వదిలేసి పిల్లలకి నేర్పడం మొదలెట్టింది. చలికాలంలోనూ నేర్పింది. మేకుల బూట్లే వేయించింది. అడిగిన వాళ్లని, "వచ్చి విప్పండి" అనేది.

డెబ్భై నాలుగులో బ్రూనో మంచాన పడ్డాడు. ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము. నలభై ఐదేళ్లకే ఎముకల గూడైపోయాడు. పెళ్లాం రెనాటెకి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. దిక్కు తోచక లాండ్రీకి ఫోన్ చేసింది. తల్లి అంత్యక్రియల్లో కూడా అన్నతో మాట్లాడని థేయా ఆ సాయంత్రమే వచ్చింది. ఇక రోజూ వచ్చింది. ఒళ్లు తుడిచేది, దుప్పటి మార్చేది, బఠాణీ సూప్ కాచి చెంచాతో పట్టేది. పక్కింట్లోనే ఉన్నాను గనక నేనూ సాయం వెళ్లేదాన్ని.

చలికాలంలో, పోవడానికి ఐదు రోజుల ముందు, బ్రూనో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"థేయా... ఆ రోజు..."

"ఏ రోజు?"

"నీకు తెలుసు. ఇల్లు పోయేదే. అమ్మని ఎక్కడ పెట్టేవాళ్లం?"

"అమ్మని అడ్డం పెట్టకు. అమ్మ నిన్ను సంతకం చెయ్యమందా?"

"లేదు."

"మరి?"

వాడికి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆమె వీపు నిమిరి, మూతి తుడిచింది. దగ్గు తగ్గాక వాడు కళ్లు మూసుకుని అన్నాడు: "జట్టులో చోటు కోసమే. ఇల్లు తర్వాతి మాట. చోటు కోసమే చేశాను. ఫర్వాలేదు అనవే. ఒక్క మాట. అబద్ధమైనా సరే."

థేయా చెంచా ఎత్తింది. "సూప్ చల్లారిపోతోంది. నోరు తెరు."

వాడు తెరిచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వంటగదిలోకి లాక్కెళ్లాను. "చచ్చిపోయేవాడే! ఒక్క మాటేగా అడిగింది! అంటే నీ నోరు అరిగిపోతుందా?"

"ఒక్క మాటే. వాడు పెట్టింది కూడా ఒక్క సంతకమేగా."

"రాయివే నువ్వు."

"కాదు. వాడు నా అన్న. ఉచ్చ బట్టలు ఉతుకుతాను, రాత్రంతా కూర్చుంటాను, ఇంకో పదేళ్లు బతికితే పదేళ్లూ చేస్తాను. కానీ ఫర్వాలేదు అన్నాననుకో, ఆ కాగితం మీద వాడి పేరు కింద నా పేరు కూడా పెట్టినట్టు. నువ్వైతే అనగలవు ఎల్లీ. నువ్వు ఆ రోజు గీత బయటికి నడిచావుగా."

నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. ఐదో రోజున బ్రూనో పోయాడు. ఆ మాట వినకుండానే పోయాడు. థేయా పక్కనే ఉంది, చెయ్యి పట్టుకునే ఉంది. కళ్లు తనే మూసింది. తర్వాత పెరట్లోకి వెళ్లి నీళ్ల పంపు పట్టుకుని ఏడ్చింది. ముప్పయ్యేళ్లలో ఆమె ఏడవగా చూడ్డం అదే మొదలు.

చర్చి నిండిపోయింది. క్లబ్బువాళ్లు జెండా తెచ్చి పెట్టె మీద కప్పారు. థేయా వద్దనలేదు. ముందు వరసలో రెనాటె, థేయా కూర్చున్నారు. రెండో వరసలో నేను. పాట మొదలయ్యే ముందు నొట్టెబోమ్ వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్లు, నల్లకోటు, కర్ర. నేరుగా ముందు వరసకి వచ్చి థేయా పక్కన కూర్చోబోయాడు. అలవాటు మరి, ఆ ఊళ్లో ముందు వరస ఎప్పుడూ ఆయనదే.

"ఇది ఇంటివాళ్ల వరసండీ" అంది థేయా. గొంతు పెంచలేదు. కానీ చివరి బెంచీదాకా వినబడింది.

 ఆయన వెనక్కి తిరిగి, ఎవరైనా జరిగి చోటిస్తారేమోనని వరసలన్నీ చూశాడు. పాత జట్టు వాళ్లున్నారు, గనివాళ్లున్నారు, ఆయన క్వార్టర్లలో పుట్టి పెరిగిన వాళ్లున్నారు. అందరూ పాటల పుస్తకంలో పేజీలు వెతుక్కుంటున్నారు. ఆయన చూపు నా దగ్గర ఆగింది. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటుంది.

నేను నా చేతిసంచీ ఒళ్లోంచి తీసి అక్కడ పెట్టాను.